బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత ఏది పెట్టాలి, ఏది ఆపాలి: మన వంటింటి ఎంపికలు

డిశ్చార్జ్ చేసేటప్పుడు డైటీషియన్ ఒక కాగితం చేతిలో పెడతారు. మొదటి రెండు వారాలు ద్రవాలు, తర్వాత రెండు వారాలు మెత్తగా రుబ్బినవి, ఆ తర్వాత చెంచాతో చిదిమితే చిదిగే మెత్తటి తిండి, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మెల్లగా మామూలు భోజనం. ఆస్పత్రిని బట్టి, చేసిన ఆపరేషన్‌ని బట్టి ఈ రోజులు కొంచెం అటూ ఇటూ అవుతాయి. మీకిచ్చిన కాగితంలో ఏముంటే అదే ఖాయం. దాన్ని దాటి ఇక్కడ నేనేమీ చెప్పడం లేదు.

కానీ ఇంటికొచ్చాక వంటింట్లో వచ్చే ప్రశ్నలకి ఆ కాగితంలో జవాబు దొరకదు. ఇడ్లీ పెట్టనా, గుడ్డు పెట్టనా? రాగిజావ మంచిదా, పాలు మంచివా? రాత్రికి చపాతీ చేస్తే సరిపోతుందా? మా అక్కకి స్లీవ్ ఆపరేషన్ (బరువు తగ్గడానికి పొట్ట సంచిని చిన్నది చేసే రకం) అయ్యాక వంట బాధ్యత నాది. ఈ ప్రశ్నలన్నీ రోజూ ఎదురయ్యేవి. డైటీషియన్‌ని అడిగి, ప్యాకెట్ల మీద లెక్కలు చదివి తేల్చుకున్న సంగతులు ఇవి.

అన్నిటికంటే ముందు పత్యం గురించి మాట్లాడాలి. మన ఇళ్లలో ఆపరేషన్ అనగానే పప్పు తింటే చీము పడుతుందంటారు. గుడ్డు వేడి అంటారు, వంకాయ, గోంగూర దురద అంటారు. వాటి బదులు ఇడ్లీ, బియ్యపు జావ, సగ్గుబియ్యం, బ్రెడ్డు, కొబ్బరినీళ్లు. జ్వరం తగ్గిన మనిషికి నాలుగు రోజులు ఆ తిండి సరిపోతుందేమో. ఈ ఆపరేషన్ అయిన మనిషికి మాత్రం సరిపోదు. చీము పట్టేది ఇన్ఫెక్షన్ వల్ల, పప్పు వల్ల కాదు. లోపల కుట్లు మానాలన్నా, కొవ్వుతోపాటు కండ కూడా కరిగిపోకుండా ఉండాలన్నా ప్రోటీన్ కావాలి. పత్యం పేరుతో మనం మొట్టమొదట తీసేసేవేమో సరిగ్గా ప్రోటీన్ ఉన్న పదార్థాలే. "అన్నం ముద్ద లోపలికి పోకపోతే ఒంట్లోకి బలం ఎలా వస్తుందే?" అని అమ్మ రోజూ అడిగేది. ఆ ప్రశ్న ప్రేమతో అడిగేదే. అందుకే విసుక్కోకుండా, లెక్క చూపించి జవాబు చెప్పాలి.

లెక్క ఇది. స్లీవ్‌లో పొట్ట సంచిని దాదాపు 75 నుంచి 80 శాతం తీసేస్తారు. మిగిలేది సన్నటి గొట్టం లాంటి భాగం. అందులో పట్టేది 100 నుంచి 150 మిల్లీలీటర్లు, అంటే ఒక చిన్న టీ గ్లాసు. బైపాస్‌లో (గుండెది కాదు, బరువు తగ్గడానికే చేసే ఇంకో రకం ఆపరేషన్) పైన మిగిల్చే సంచి ఇంకా చిన్నది, సుమారు 30 మిల్లీలీటర్లు. పైగా పేగుని కూడా తిప్పి కలుపుతారు కాబట్టి తిన్నదాంట్లోంచి విటమిన్లు, ఖనిజాలు ఒంటికి పట్టడం తగ్గుతుంది. రోజుకి కావాల్సిన ప్రోటీన్ మాత్రం ఎక్కువ మందికి 60 నుంచి 80 గ్రాములు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకి ఈ అంకె డాక్టరే చెప్పాలి. దానికి తోడు లీటరున్నర ద్రవాలు గుటకగుటకగా తాగాలి. ఇంత చిన్న చోటులో ఇదంతా పట్టించాలి కాబట్టి, రెండు పదార్థాలు ఎదురుగా ఉన్నప్పుడు నేను చూసేది ఒక్కటే: అరకప్పులో ఎంత ప్రోటీన్ ఉంది, అది అడ్డుపడకుండా దిగుతుందా?

మొదటి రెండు వారాలు: గ్లాసులో ఏం పోయాలి

కొబ్బరినీళ్లు, పప్పుకట్టు, చారు, మజ్జిగ, రాగిజావ, పాలు. మన ఇంట్లో తాగేవన్నీ ఒకేలా తేలిగ్గా కనిపిస్తాయి. లోపలున్నది చూస్తే మాత్రం చాలా తేడా ఉంది.

కొబ్బరినీళ్లు మొదటి రోజుల్లో గొంతు తడుపుకోవడానికి మంచివి, పొటాషియం కూడా అందుతుంది. ప్రోటీన్ మాత్రం లేనట్టే. దాన్ని నీళ్ల లెక్కలో వేయండి, తిండి లెక్కలో వేయొద్దు. పప్పుకట్టు, అంటే ఉడికిన పప్పు మీద తేరిన నీళ్లు, రుచికి బాగుంటుంది గానీ అందులో ఉన్నది ఎక్కువగా నీళ్లే. అదే కందిపప్పునో పెసరపప్పునో బాగా మెత్తగా ఉడికించి, మిక్సీలో తిప్పి, పలచన చేసి జల్లెడలో వడకడితే పప్పు కూడా గ్లాసులోకి వస్తుంది. పని పది నిమిషాలు ఎక్కువ. చిక్కటి ద్రవాలకి డైటీషియన్ ఒప్పుకున్న రోజు నుంచి నేను కట్టు మానేసి ఇదే చేశాను. ఉప్పు, చిటికెడు పసుపు, కాస్త జీలకర్ర పొడి వేస్తే చాలు. మిరపకాయ, చింతపండు పులుసు ఇప్పుడే వద్దు.

రాగిజావ గురించి ఒక మాట. రాగుల్లో కాల్షియం చాలా ఎక్కువన్నది నిజం. వంద గ్రాముల పిండిలో 340 మిల్లీగ్రాములకి పైనే ఉంటుంది. కానీ గ్లాసు జావలో పడే పిండి ఇరవై గ్రాములు. దాంట్లో ప్రోటీన్ గ్రామున్నర కూడా ఉండదు. నీళ్లతో కాచి, బెల్లం వేసిన జావ ఈ ఆపరేషన్ అయినవాళ్లకి పనికొచ్చే తిండి కాదు. ఇష్టమైతే పాలతో పలచగా కాచండి, బెల్లం వేయకండి. అప్పుడు మంచి సంగతంతా పాల వల్లే వస్తుంది, రాగులు రుచికి ఉంటాయి.

పాలలో వంద మిల్లీలీటర్లకి సుమారు 3.2 గ్రాముల ప్రోటీన్. "బలం కావాలి" అని ఫుల్ క్రీమ్ పాలు తెచ్చేవాళ్లున్నారు. ఫుల్ క్రీమ్‌లో కొవ్వు 6 శాతం, టోన్డ్‌లో 3, డబుల్ టోన్డ్‌లో 1.5. ప్రోటీన్ మాత్రం మూడింటిలోనూ దాదాపు ఒకటే. కాబట్టి టోన్డ్ లేదా డబుల్ టోన్డ్ తీసుకుని, గ్లాసులో రెండు పెద్ద చెంచాల వెన్న తీసిన పాలపొడి కలపండి. ఐదు గ్రాముల ప్రోటీన్ అదనంగా వస్తుంది, గ్లాసు పెద్దదవదు. నాకు తెలిసినంతలో ఇంత చౌకగా, ఇంత సులువుగా అయ్యే పని ఇంకొకటి లేదు. అయితే బైపాస్ తర్వాత కొందరికి పాలు పడవు. కడుపు ఉబ్బి, విరేచనాలవుతాయి. వాళ్లు పెరుగు, మజ్జిగ ప్రయత్నించాలి. మజ్జిగైతే వేసవి మజ్జిగలా నీళ్లగా కాకుండా చిక్కగా చిలికి ఇవ్వండి. ఒక గ్లాసు పెరుగులో ఐదు గ్లాసుల నీళ్లు పోస్తే ప్రోటీన్ కూడా అంతే పలచనవుతుంది.

ప్రోటీన్ పౌడరా, హార్లిక్స్ తరహా మాల్ట్ పొడా? ఇక్కడ నాకు ఏ సందేహమూ లేదు. డబ్బా వెనక్కి తిప్పి "100 గ్రాములకి ప్రోటీన్" అన్న వరస చూడండి. వే ఐసొలేట్ అనే ప్రోటీన్ పొడిలో అది 80 దగ్గర ఉంటుంది, ఒక స్కూపుకి 20 నుంచి 25 గ్రాములు. పిల్లలకి పాలలో కలిపే మాల్ట్ పొడుల్లో ఆ అంకె చాలా తక్కువ, చక్కెర వరస పెద్దది. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఇలాంటి పానీయాల్ని 'హెల్త్ డ్రింక్స్' విభాగంలోంచి తీసేయమని ఈ-కామర్స్ సైట్లకి చెప్పింది. మెడికల్ షాపులో అమ్ముతున్నారు కదా అని అదే మందు అనుకోకండి. వే అంటే పాల విరుగుడు నీళ్లలోంచి తీసేదే కాబట్టి గుడ్డు తినని ఇళ్లలోనూ ఇబ్బంది ఉండదు. పాలు పడనివాళ్లకి కూడా ఐసొలేట్ చాలావరకు పడుతుంది, ఎందుకంటే అందులో లాక్టోజ్, అంటే పాలలో ఉండే చక్కెర, చాలా తక్కువ. వేడి వేడి పాలలో వేస్తే ఉండలు కడుతుంది, గోరువెచ్చగా అయ్యాక కలపాలి. ఏ కంపెనీది, ఎన్ని స్కూపులు అన్నది డైటీషియన్‌ని అడిగే కొనండి.

ఓఆర్‌ఎస్ విషయంలోనూ ఇలాగే లేబుల్ చదవాలి. డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) ఫార్ములా ప్యాకెట్‌లో లీటరుకి 13.5 గ్రాముల గ్లూకోజ్ మాత్రమే ఉంటుంది. టెట్రా ప్యాక్‌లో పండ్ల రుచులతో దొరికే తియ్యటి పానీయాల్లో చక్కెర దానికి ఎన్నో రెట్లు. హైదరాబాద్‌కి చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీని మీద పోరాడారు. 2025 అక్టోబరులో మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, ఆ ఫార్ములా లేని పానీయాల మీద ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. డాక్టర్ ఓఆర్‌ఎస్ రాస్తే, నీళ్లలో కలుపుకునే పొడి ప్యాకెట్ అడిగి, దాని మీద డబ్ల్యూహెచ్‌ఓ అని ఉందో లేదో చూసి తెచ్చుకోండి.

సోడా, కూల్ డ్రింక్, స్ట్రా మూడూ వద్దు. గాలి లోపలికి పోతే చిన్న పొట్టకి నొప్పి తప్పదు.

గుడ్డు, పెరుగు, పన్నీరు, పప్పు: మెత్తటి తిండి రోజుల్లో

ఇక్కడి నుంచి ఎంపిక అసలైన పని. ఈ దశలో ఒక పూటకి పట్టేది నాలుగైదు పెద్ద చెంచాలు, మహా అయితే చిన్న గిన్నెలో సగం.

గుడ్డుతో మొదలుపెడతాను, ఎందుకంటే తినేవాళ్లకి దీనికి సాటి లేదు. ఒక గుడ్డులో ఆరు గ్రాముల ప్రోటీన్, అదీ అరకప్పు కంటే తక్కువ చోటులో. కానీ గుడ్డు ఎలా వండారన్నది ముఖ్యం. గట్టిగా ఉడికించిన గుడ్డులో తెల్లసొన రబ్బరులా అవుతుంది, కొందరికి గొంతు కింద అడ్డం పడ్డట్టు ఉంటుంది. నూనెలో ఎర్రగా వేయించిన ఆమ్లెట్ అంతకంటే గట్టి. మాకు కుదిరింది ఇలా: గుడ్డుని రెండు చెంచాల పాలతో గిలక్కొట్టి, చిన్న స్టీలు గిన్నెలో పోసి, ఇడ్లీ పాత్రలో మూత పెట్టి ఆవిరి మీద ఎనిమిది, తొమ్మిది నిమిషాలు ఉంచాను. జున్ను ముక్కలా గిన్నెలో వణుకుతూ వస్తుంది. మిరియాల పొడి రవ్వంత చల్లితే, చెంచాతో తీసుకోవడానికి ఏ ఇబ్బందీ ఉండదు. పొరటు చేసినా మంచిదే, మంట తక్కువ పెట్టి తడి ఆరకముందే దించేయాలి.

పెరుగు, వడగట్టిన పెరుగు. మామూలు పెరుగులో వంద గ్రాములకి 3 నుంచి 4 గ్రాములు. పల్చటి గుడ్డలో మూటగట్టి, ఫ్రిజ్‌లో గిన్నె మీద జల్లెడ పెట్టి నాలుగు గంటలు ఉంచితే నీళ్లు దిగిపోయి పెరుగు సగమవుతుంది, అదే కొలతకి ప్రోటీన్ సుమారు రెట్టింపవుతుంది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్నవాళ్లకి గ్రీక్ యోగర్ట్ అని షాపులో దొరికేది ఇలాంటిదే. తియ్యటి రుచులు కలిపింది కాకుండా ప్లెయిన్ తీసుకోండి. దీంట్లో ఉప్పు, జీలకర్ర, మెత్తగా ఉడికించి చిదిమిన సొరకాయ కలిపితే మన పెరుగుపచ్చడి రుచే వస్తుంది. తాలింపులో ఆవాలు, ఎండుమిరపకాయ మాత్రం ఇంకొన్ని వారాలు ఆగాలి.

పన్నీరులో వంద గ్రాములకి 18 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది, కొవ్వు కూడా ఎక్కువే. బయట కొన్న పన్నీరు ముక్కలు కూరలో ఉడికేకొద్దీ గట్టిపడి నమలడానికి పీచులా తయారవుతాయి. టోన్డ్ పాలు నిమ్మరసంతో విరగ్గొట్టి, ఎక్కువ పిండకుండా, తడిగా ఉన్నప్పుడే చిదిమి పెట్టింది చాలా మెత్తగా ఉంటుంది. ఈ దశకి ఇంట్లో చేసిందే తీసుకోమంటాను.

ఇక పప్పు. శాకాహారుల ఇళ్లలో "మేం రోజూ పప్పు తింటాం, ప్రోటీన్‌కి లోటేంటి" అనుకుంటారు. ఎండు కందిపప్పులో వందకి 22 గ్రాములు ఉన్నమాట నిజమే, కానీ ఉడికాక నీళ్లు పీల్చుకుని అదే వంద గ్రాములకి ఏడు గ్రాముల దగ్గరికి వస్తుంది. మనం చేసే పప్పు అన్నంలో కలవడానికి ఇంకా జారుగా ఉంటుంది. అరకప్పు జారు పప్పులో మూడు నాలుగు గ్రాములు దక్కితే గొప్ప. పప్పు మానమని కాదు. ముద్దపప్పులా గట్టిగా చేసి, అన్నం లేకుండా చెంచాతో తినిపించాలి, దాని మీదే ఆధారపడకుండా పెరుగో పన్నీరో తోడు చేయాలి. పెసరపప్పు, కందిపప్పు ముందు పెట్టండి. శనగపప్పు, రాజ్మా, బొబ్బర్లు గ్యాస్ ఎక్కువ చేస్తాయి, వాటికి రెండు మూడు నెలలు ఆగొచ్చు. ఉలవచారు బలం అని చాలామంది తెస్తారు. ఉలవల్లో ప్రోటీన్ బాగా ఉన్నా చారులోకి దిగేది కొంతే, పులుపూ కారమూ దానికి తోడు. నేనైతే ఈ నెలల్లో పెట్టను.

మీల్‌మేకర్‌ని తక్కువ చూస్తారు గానీ ఎండు సోయాలో వందకి 50 గ్రాములకి పైగా ప్రోటీన్. ఉండలు కాకుండా సన్నటి రవ్వలా దొరికేది తెచ్చి, వేడినీళ్లలో నానబెట్టి గట్టిగా పిండి, టమాటాతో బాగా మెత్తగా ఉడికిస్తే ఆరో వారం తర్వాత చాలామందికి పడుతుంది.

శాకాహారం మీదే 60 గ్రాములు దాటొచ్చని చూపించడానికి ఒక రోజు లెక్క: 200 మిల్లీలీటర్ల పాలలో ఒక స్కూపు వే, 30 గ్రాములు. మధ్యాహ్నం గట్టి పప్పు అరకప్పు, 6 గ్రాములు. సాయంత్రం 100 గ్రాముల వడగట్టిన పెరుగు, 7 గ్రాములు. రాత్రి 50 గ్రాముల పన్నీరు, 9 గ్రాములు. పడుకునే ముందు పాలపొడి కలిపిన చిన్న గ్లాసు పాలు, 10 గ్రాములు. మొత్తం 62. వే తీసేస్తే మొదటి నెలల్లో ఈ అంకె రావడం చాలా కష్టం. అందుకే పౌడర్ అంటే జిమ్ కుర్రాళ్లదన్న మొహమాటం అక్కర్లేదు.

చేపా, చికెనా?

ముందు చేప. చేప కండ పొరలు పొరలుగా విడిపోతుంది, చికెన్ కండ పీచులుగా ఉంటుంది. ఎంత నమిలినా చికెన్ బ్రెస్ట్ పొడిపొడిగా ఉండి అడ్డుపడిందని చెప్పేవాళ్లు చాలామంది. చేపల్లో ముళ్ల సంగతి చూసుకోవాలి. బొచ్చె, శీలావతి రుచిగా ఉంటాయి, కానీ కండలో సన్నటి ముళ్లు ఎక్కువ. కొరమీను, పండుగప్ప ధర ఎక్కువైనా ముల్లు తక్కువ, తీయడం సులువు. పులుసు వద్దు, చింతపండు, నూనె, కారం మూడూ ఒకేసారి పడతాయి. పసుపు, ఉప్పు, నిమ్మరసం రాసి ఆవిరి మీద ఉడికించి, వేళ్లతో విడదీసి ముల్లు లేదని రెండుసార్లు తడిమి చూసి పెట్టాలి. యాభై గ్రాముల ముక్కలో పది గ్రాముల ప్రోటీన్.

చికెన్ పెట్టాలంటే ఖీమా కొట్టించి, తడిగా, గ్రేవీతో వండండి. బ్రెస్ట్ కంటే తొడ మాంసం మెత్తగా ఉంటుంది. నాటుకోడి ఒంటికి మంచిదని పంపే చుట్టాలుంటారు, ఆ కండ గట్టిది, ఈ పొట్టకి ఇప్పుడే కాదు. మటన్ అన్నిటికంటే ఆఖర్న. రొయ్యలు మూడు నెలలు దాటాక, చిన్న ముక్కలుగా కోసి, ఎక్కువ ఉడకనీయకుండా.

ఏదైనా అడ్డుపడితే ఎలా ఉంటుందో ఇంట్లోవాళ్లు తెలుసుకోవాలి. ఛాతీ మధ్యలో బిగబట్టినట్టు నొప్పి, నోట్లో నురగలాంటి ఉమ్మి ఊరడం, మాట ఆగిపోవడం. అప్పుడు మన చెయ్యి వెంటనే నీళ్ల గ్లాసు మీదికి పోతుంది. నీళ్లిస్తే ఇంకా ఎక్కువవుతుంది. తినడం ఆపి, నిటారుగా కూర్చోబెట్టి, మెల్లగా నడిపించాలి. చాలాసార్లు కాసేపటికి దిగిపోతుంది లేదా బయటికి వచ్చేస్తుంది. తగ్గకుండా ఉంటే, ఊపిరి ఇబ్బందిగా ఉంటే ఆస్పత్రికి వెళ్లాలి.

ఇడ్లీ, ఉప్మా, పెసరట్టు

పొద్దున్నే మన ఇళ్లలో వచ్చే ప్రశ్న ఇది. ఒక ఇడ్లీలో రెండు గ్రాముల ప్రోటీన్. మెత్తగా ఉంటుంది, దిగుతుంది, అంతవరకు బాగానే ఉంది. కానీ ఒక ఇడ్లీ తింటే ఆ పూట పొట్ట నిండిపోయింది, దక్కింది రెండు గ్రాములు. మినపప్పు వంతు పెంచి, రవ్వ తగ్గించి పోస్తే కొంత మెరుగు. నా సలహా: ఆవిరి గుడ్డో, వడగట్టిన పెరుగో ముందు తిని, చోటుంటే సగం ఇడ్లీ.

ఉప్మా నేను పెట్టను. బొంబాయి రవ్వ నీళ్లు పీల్చుకుని ముద్దగా సాగుతుంది, ప్రోటీన్ తక్కువ, పైగా నమలకుండా మింగేసే తిండి. పెసరట్టు మాత్రం మనకున్న వరం. ముప్పై గ్రాముల పెసలతో వేసిన చిన్న అట్టులో ఏడు గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. మామూలు భోజనం మొదలుపెట్టమన్నాక, అంటే ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత, బియ్యం కలపకుండా, పచ్చిమిర్చి లేకుండా రుబ్బి, కరకరలాడేలా కాకుండా కాస్త మందంగా, మూత పెట్టి కాల్చండి. లోపల చిదిమిన పన్నీరు పెడితే అదే ఒక పూట భోజనం. ఉప్మా పెసరట్టు అలవాటున్నవాళ్లు ఉప్మా చోట పన్నీరు పెట్టుకోవడమే నేను చెప్పేది.

అన్నం, చపాతీ, జొన్నరొట్టె

"డైట్" అంటే రాత్రి చపాతీ అన్న నమ్మకం మన దగ్గర బాగా పాతుకుపోయింది. ఈ ఆపరేషన్ తర్వాత మొదటి మూడు నెలల్లో చపాతీ అన్నం కంటే కష్టం. నమిలితే జిగురు ముద్దై కిందికి దిగదు. మెత్తటి బ్రెడ్డూ అంతే. జొన్నరొట్టె పొడిగా ఉండి మజ్జిగో కూరో లేనిదే మింగుడుపడదు, పోషకాలు మంచివే గానీ తర్వాతి నెలల తిండి. ఓట్స్ పాలతో కాస్తే పరవాలేదు. అన్నం తప్పదనుకుంటే మెత్తగా ఉడికించి, విడివిడిగా, రెండు మూడు చెంచాలు, ముద్దగా పిసకకుండా పెట్టండి. పిసికిన అన్నం లోపల ఉండ కడుతుంది. అన్నిటికంటే ముఖ్యమైంది వరస. మనకి అన్నం ఆధారం, మిగతావన్నీ దాన్ని లోపలికి పంపడానికి. ఇప్పుడు కంచం తిరగేయాలి: ముందు పప్పో గుడ్డో చేపో, తర్వాత కూర, చివర చోటుంటే అన్నం. పెరుగన్నం కాదు, పెరుగు. అమ్మకి ఇదే అన్నిటికంటే కష్టమైంది. పప్పుని అన్నం లేకుండా గిన్నెలో పెట్టి చెంచా ఇవ్వడం ఆవిడకి మనిషిని పస్తు ఉంచినట్టు అనిపించింది. గిన్నె పక్కన గ్రాముల అంకె రాసి పెట్టాక నెమ్మదించింది.

కంచం పక్కన నీళ్ల గ్లాసు ఉండకూడదు. తిన్నాక అరగంట దాటాకే నీళ్లు. తినడానికి ఇరవై నిమిషాలైనా పట్టాలి, అరగంట దాటనవసరం లేదు.

కూరల్లో సొరకాయ, బీరకాయ, పొట్లకాయ, గుమ్మడికాయ ముందు. ములక్కాడ, చిక్కుడు, గోంగూర, తోటకూర కాడలు పీచు కాబట్టి వెనక. వంకాయకి చీముతో సంబంధం లేదు, తొక్క తీసి మెత్తగా చేస్తే నిరభ్యంతరంగా పెట్టొచ్చు. పండ్లలో బొప్పాయి, మగ్గిన అరటి ముక్క బాగుంటాయి. సపోటా, మామిడి తీపి ఎక్కువ, రెండు ముక్కలతో ఆగాలి. రసం తీసి తాగడం కంటే పండు నమలడమే ఎప్పుడూ మేలు.

జారిపోయేవి, తీపివి

ఈ ఆపరేషన్ తర్వాత అడ్డుపడేవి మనల్ని భయపెడతాయి. నా భయం మాత్రం అడ్డుపడనివాటి గురించి ఎక్కువ. చేగోడీలు, జంతికలు, మిక్చర్, మరమరాలు, టీలో ముంచిన బిస్కెట్. ఇవి నోట్లోనే కరిగి పిండిలా జారిపోతాయి, పొట్ట నిండినట్టే అనిపించదు. గుప్పెడు గుప్పెడుగా సాయంత్రమంతా తినొచ్చు. ఏడాది దాటాక బరువు మళ్లీ పెరగడానికి ఇలాంటి తిండి పెద్ద కారణం. సాయంత్రం చేతికి ఏదో కావాలంటే ఆరు నెలలు దాటాక ఉడికించిన పల్లీలు చిన్న గుప్పెడు, బాగా నమిలి. నూనె గింజ కాబట్టి గుప్పెడు దాటొద్దు. సున్నుండల్లో మినుములున్నాయి కదా అంటారు, నెయ్యీ బెల్లమూ కూడా అంతే ఉన్నాయి.

బెల్లం, తేనె, చక్కెర మధ్య ఈ విషయంలో తేడా లేదు. ముఖ్యంగా బైపాస్ అయినవాళ్లకి తీపి నేరుగా చిన్నపేగులోకి దిగితే పది నిమిషాల నుంచి గంట లోపల గుండె దడ, చెమటలు, కడుపులో మెలిపెట్టడం, విరేచనం. డంపింగ్ అంటారు. కొందరికి తిన్న ఒకటి నుంచి మూడు గంటలకి షుగర్ పడిపోయి వణుకు వస్తుంది. స్లీవ్‌లో తక్కువ, కానీ రాదని కాదు. షుగర్ ఫ్రీ అని రాసిన స్వీట్లలో వాడే కొన్ని తీపి పదార్థాలు గ్యాస్, విరేచనాలు తెస్తాయి, అవి మంచి ప్రత్యామ్నాయం కాదు. డయాబెటిస్ మందులు వాడేవాళ్లు ఆపరేషన్ తర్వాత డోసు తగ్గించాల్సి రావచ్చు, డాక్టర్‌ని అడగకుండా పాత చీటీ ప్రకారం మింగొద్దు.

పెళ్లిళ్లకి వెళ్లినప్పుడు బఫేలో పప్పు, పన్నీరు, చేప ముక్క ఎక్కడున్నాయో ముందు చూసుకోండి. బిర్యానీలో మెత్తటి చికెన్ ముక్క, రైతా తీసుకుని అన్నం వదిలేయొచ్చు. "ఇంతేనా తినేది" అని అడిగేవాళ్లకి డాక్టర్ చెప్పారు అన్న ఒక్క మాట చాలు. మద్యం మాత్రం వద్దు, ఈ పొట్టతో చాలా త్వరగా ఎక్కుతుంది.

మాత్రలు తిండిలో భాగమే

ఎంత బాగా ఎంచుకున్నా ఇంత తక్కువ తిండితో విటమిన్లు సరిపోవు. మల్టీవిటమిన్, బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం వేసుకోవాల్సినవే. కాల్షియంలో కార్బొనేట్, సిట్రేట్ అని రెండు రకాలు దొరుకుతాయి. కార్బొనేట్ కరగాలంటే పొట్టలో ఆమ్లం కావాలి, బైపాస్ తర్వాత అది తక్కువ. అందుకే సిట్రేట్ రాస్తారు. మెడికల్ షాపులో "ఇదీ అదీ ఒకటే" అంటే ఒప్పుకోకండి. ఐరన్, కాల్షియం కలిపి వేసుకుంటే ఒకదానికొకటి అడ్డు, కనీసం రెండు గంటల తేడా ఉండాలి. ఐరన్ మీద టీ, కాఫీ తాగితే అది ఒంటికి సరిగా పట్టదు. మూడో నెల నుంచి ఆరో నెల మధ్య జుట్టు రాలడం చాలామందికి జరిగేదే. షాంపూలు మార్చే ముందు ప్రోటీన్ లెక్క, ఐరన్ పరీక్ష చూసుకోండి.

వాంతులు ఒకటి రెండు రోజులు దాటి ఆగకపోతే, నీళ్లు కూడా నిలవకపోతే ఇంటి చిట్కాలతో ఆలస్యం చేయొద్దు. అలాంటప్పుడు బి1 విటమిన్ త్వరగా అడుగంటిపోతుంది, చూపు రెండుగా కనిపించడం, నడక తూలడం, మతి తప్పినట్టు మాట్లాడటం దాని గుర్తులు. మొదటి వారాల్లో జ్వరం, గుండె వేగంగా కొట్టుకోవడం, కడుపునొప్పి పెరుగుతూ పోవడం కనిపించినా అంతే. ఏ రాత్రయినా ఆపరేషన్ చేసిన టీమ్‌కి ఫోన్ చేయండి, ఆ నంబరు ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉంచండి.